పెళ్లిచీర మీద సుంకం

అండాలు ఒంటి మీద ఆ రోజు ఆరు చీరలున్నాయి. అన్నిటికన్నా అడుగున ఉన్న పాత నేతచీర ఒక్కటే ఆమెది. పైనున్న ఐదూ తమ్ముడు ఐలేశం పెళ్లికి కొన్నవి. వైశాఖమాసపు ఎండలో, జగ్గయ్యపేట నుంచి వచ్చే బండ్లబాట మీద ఆమె అడుగులో అడుగు వేసుకుంటూ వస్తుంటే, వడ్లగుమ్మి ఒకటి ఇల్లు విడిచి నడిచి వస్తున్నట్టుంది.

ఇది ఆమె కనిపెట్టిన విద్య కాదు. వాగు అవతల ఇంగ్లీషు ఇలాకా, ఇవతల నిజాం ఇలాకా. ఇంగ్లీషువాళ్లు వెళ్లిపోయి రెండేళ్లు కావస్తోంది, నిజాం సంగతి పోలీసు చర్యతో తేలిపోయింది, అయినా జనం నోట ఆ పేర్లు పోలేదు. వాగు ఒడ్డున ఉన్న కరోడ్‌గిరి నాకా కూడా పోలేదు. అవతల కొన్న కొత్త సరుకును ఇవతలికి తెచ్చేవాళ్లు ఆ నాకాలో సుంకం చెల్లించాలి. కొత్త సర్కారు నాకా మీది జెండాను మార్చింది గాని, లోపలి బల్లనూ, బల్ల వెనకాల కూర్చున్న అమీను సాబునూ మార్చలేదు.

సుంకం కొత్త బట్టకే. ఒంటి మీద బట్టకు లేదు. కనుక పెళ్లిళ్ల కాలంలో ఆ బాటన పోయే ఆడవాళ్లు పొద్దున సన్నగా వెళ్లి సాయంత్రం లావుగా తిరిగి వచ్చేవాళ్లు. జవాను బండి ఆపి గడ్డిలో కర్రతో పొడిచి చూస్తుంటే, వాళ్లు దిగి పక్కనుంచి నడిచి దాటిపోయేవాళ్లు. ఇళ్లకు చేరాక ఆ చీరలను దుకాణపు మడతల్లోనే మళ్లీ మడిచి, పైన నీళ్లు నింపిన ఇత్తడి బిందె పెడితే తెల్లారేసరికి కొత్త చీరలైపోయేవి. ఆ సంగతి ప్రతి ఇంటికీ తెలుసు. ఏ ఇంట్లోనూ పైకి అనరు.

"పెద్దమ్మా, కండ్లు తిరుగుతున్నయి," అంది అండాలు.

పక్కన నడుస్తున్న భద్రమ్మ, తల్లి పోయిన అండాలునూ ఐలేశాన్నీ పెంచిన మనిషి, నాకా వైపు చూసింది. "నాకా దాటినంక తిరగనీ బిడ్డా. జర ఓపిక పట్టు."

కళ్లు ఓపిక పట్టలేదు. సరిగ్గా జవాను పర్వతాలు నిలబడ్డ చోటికి వచ్చేసరికి అండాలు కూలబడింది. అన్ని చీరలున్నాయి కనుక దెబ్బ తగల్లేదు, చప్పుడు కూడా కాలేదు. వెంట వస్తున్న ఆడవాళ్లు పరుగున వచ్చి ఆమె చుట్టూ దడి కట్టినట్టు నిలబడ్డారు. భద్రమ్మ దడి లోపల ఆమె పక్కన చతికిలబడింది. అక్కాచెల్లెళ్ల పిల్లల్లో ఆమెకు మిగిలినవాళ్లు ఈ ఇద్దరే.

"జరగండ్రి, గాలాడనీయండ్రి," అంటూ పై చీర కుచ్చిళ్లు లాగి, గబగబా విప్పి, ఉండచుట్టి, వెనక్కి చూడకుండానే దడి సందులోంచి బయటికి అందించింది. "గిది పట్టుకో బిడ్డా, మట్టిగాకుండ."

బయట చాపిన చెయ్యి పర్వతాలుది.

ఒక చీర విప్పితే ఇంకొకటి కనిపించింది. భద్రమ్మ దాన్నీ విప్పి అందించింది. మూడోదాని దగ్గర అండాలుకు తెలివి వచ్చి పెద్దమ్మ మణికట్టు గట్టిగా పట్టుకుంది. పిల్ల సంధిలో పెనుగులాడుతోందనుకుని భద్రమ్మ ఆ చెయ్యిని పక్కకు నెట్టి నాలుగోది కూడా విప్పింది. అన్నిటికన్నా చివర వచ్చింది పెళ్లికూతురి తలంబ్రాల చీర, పసుపు మీద ఎర్ర అంచు. దాన్ని మాత్రం కాస్త సాపు చేసి మరీ ఇచ్చింది.

అమీను సాబు బయటికి వచ్చేసరికి పర్వతాలు రెండు చేతుల నిండా చీరలతో నిలబడి ఉన్నాడు.

"ఏంది పర్వతాలూ, దుకాణం పెట్టినవా?"

"నేనేం జెయ్యలే సాబ్. ఇస్తనే ఉన్నది, పట్టుకుంటనే ఉన్న."

సరిగ్గా అప్పుడే దేశ్‌ముఖ్ దొరగారి పర్దా బండి వచ్చింది. సంఘంవాళ్ల దెబ్బకు పట్నం పారిపోయిన దొర, సైన్యం వెనకాలే తిరిగి వచ్చి పట్టుమని ఆరు నెలలు కాలేదు. అమీను చీరలను మరిచి సలాం చేశాడు. పర్వతాలు రెండు చేతులూ చీరలతో ఉన్నాయి కనుక చీరలతోనే సలాం చేశాడు. నేల మీద పడుకుని ఉన్న అండాలుకు బండి కనిపించలేదు, చక్రాలు మాత్రమే కనిపించాయి. అవి మట్టిలో జానెడు దిగి పోతున్నాయి. ఇరుసు మూలుగుతోంది.

"ఒక్క దొరసాని బరువుకు ఇరుసు గంత మొత్తుకుంటదా," అనుకుంది ఆమె, ఆ స్థితిలో కూడా.

బండి వెళ్లిపోయింది. చుట్టూ దడిలా నిలబడ్డ ఆడవాళ్లు కూడా ఆ సందట్లో ఒక్కొక్కరే నాకా దాటి వెళ్లిపోయారు. అందరూ లావుగానే దాటారు. నాకా ముందు మిగిలింది అండాలు, భద్రమ్మ, ఐదు చీరలు.

చీరలను నాకాలో జప్తు చేసుకుని, ఊదారంగు లక్క ముద్ర వేసిన సంచిలో కట్టి, అండాలు మీద సుంకం ఎగవేత కేసు రాశారు.

ఊళ్లో ఎవరూ ఆమెను దొంగ అనలేదు. ఎండలో అన్ని చీరలతో నడవడం తెలివితక్కువ అన్నారు. భద్రమ్మ మీద మాత్రం చెన్నయ్యకు, అంటే అండాలు భర్తకు, కోపం వచ్చింది.

"కట్టిచ్చింది నువ్వే గదా అత్తా. ఎన్ని ఉన్నయో ఎరుక లేదా?"

"ఎరుకనే కొడుకా. గా టైంల యాదికి రాలె."

అసలు బెంగ కేసు కాదు, పెళ్లి. ఐలేశం పెళ్లి అప్పటికే రెండుసార్లు తప్పిపోయింది. మొదటి ముహూర్తం నాడు రజాకార్లు ఊరి మీద పడితే పెళ్లికొడుకుతో సహా పెళ్లివారంతా జొన్నచేలో గడిపారు. రెండో ముహూర్తానికి రెండు రోజుల ముందు దళాల కోసం వెతుకుతున్న సైనికులు ఐలేశాన్ని క్యాంపుకు తీసుకుపోయారు. వయసులో ఉన్నాడు, మీసం ఉంది. అంతకన్నా రుజువు వాళ్లకు అక్కర్లేకపోయింది. ముహూర్తం దాటాక వదిలేశారు. ఇది మూడోది. పెళ్లికూతురు పుష్పమ్మ తల్లి సైదమ్మది మేళ్లచెరువు. మాటకు మాట తూచి ఇచ్చే మనిషి. ఈసారి గనక తప్పితే కేతేపల్లిలో ఉన్న తమ్ముడి కొడుక్కి పిల్లనిచ్చేస్తానని ఆమె ముందే చెప్పి పెట్టింది.

నాకా దగ్గర జరిగింది మర్నాటికల్లా మేళ్లచెరువు చేరింది. అక్కడినుంచి కబురు వచ్చింది. సుంకం గురించి అందులో ఒక్క ముక్క లేదు. ఆడిబిడ్డ కట్టి విడిచిన చీర మా పిల్ల కట్టదు, అని ఉంది. కచేరీలో విచారణ నాడు తానే స్వయంగా వచ్చి ఆ చీరల సంగతి చెవులారా వింటానని కూడా ఉంది.

అండాలు ఆ కబురును మనసులో అటూ ఇటూ తిప్పి చూసింది. సైదమ్మను తప్పుపట్టడానికి లేదు. కొత్తకోడలికి ఇంకొకరు కట్టిన చీర పెట్టడమంటే పనిమనిషికి పాతచీర ఇచ్చినట్టే. బిందె కింద మడత పడ్డన్నాళ్లూ అందరికీ అన్నీ కొత్తవే. నాకా ముందు నలుగురిలో విప్పాక ఇంక బిందెలేం చేస్తాయి.

హుజూర్‌నగర్‌లో వకీలు వామనరావు అరుగు మీద కూర్చున్నప్పుడు కూడా ఆమె మనసులో అదే ఉంది. వకీలుకు మాత్రం కేసు చాలా తేలికగా కనిపించింది.

"కట్టుబట్టల మీద సుంకం లేదు. ఐదూ నా కట్టుబట్టలే అని చెప్పు. అయిపాయె."

"ఎండకాలంల ఐదు చీరలు ఎందుకు కట్టినవని అడగరా?" అన్నాడు చెన్నయ్య.

"చలిజ్వరమని చెప్తది."

"నాకు రాలేదు," అంది అండాలు.

"వచ్చిందో రాలేదో ఎవరు చూసిన్రమ్మా. జ్వరానికి సాక్షులుండరు."

"ఐదూ నేను కట్టినవే అని కచేరిల ఒప్పుకుంటే, నా మరదలుకు పెట్టేదేంది వకీలు సాబ్?"

వామనరావు ముగ్గురు కూతుళ్ల తండ్రి. ఆ ప్రశ్నకు ఆయన ఏ పుస్తకమూ తిరగెయ్యలేదు. ముక్కుపొడుం పీల్చి, "ముందుగాల చీరలు బయటికి రానీ," అన్నాడు.

తిరుగుబాటలో చెన్నయ్య భార్యకు నచ్చచెప్పబోయాడు. కొత్తవి అని ఒప్పుకుంటే చీరలు సర్కారు పాలు, పైన జుర్మానా. మళ్లీ కొనడానికి ఇంట్లో ఏమీ మిగల్లేదు. కట్టినవి అంటే చీరలు ఇంటికొస్తాయి గాని పెళ్లి మేళ్లచెరువు దాటి కేతేపల్లి పోతుంది. ఇన్ని చెప్పి, ఇందులో ఏది మంచిదో అతను కూడా తేల్చుకోలేక బండి దిగి ఎడ్ల పక్కన నడిచాడు.

విచారణ రోజున కచేరీ నిండిపోయింది. కొత్త సర్కారు పంపిన మెజిస్ట్రేటు కోస్తా మనిషి. నలగని కోటు వేసుకుని, ఎదుటి మనిషి చెప్పేది పూర్తిగా వినే అలవాటు ఉన్నవాడు. ఆ అలవాటు వల్ల ఆయన కచేరీలో కేసులు ఆలస్యమవుతున్నాయని, కాగితాలు అందించే పేష్కారు విసుక్కునేవాడు. బల్ల మీద ముద్రల సంచి విప్పి ఐదు చీరలూ పెట్టారు. వరండా కిటికీ దగ్గర సైదమ్మ కూర్చుంది, ముఖం సగం కొంగుచాటున, చెవి పూర్తిగా బయట.

వామనరావు చలిజ్వరం గురించి చక్కగా మాట్లాడాడు. వింటున్న వాళ్లలో ఒకరిద్దరికి వణుకు పుట్టిందంటే అబద్ధం కాదు. మెజిస్ట్రేటు తల ఊపి అండాలు వైపు తిరిగాడు.

"అమ్మా, ఈ చీరలు నువ్వు కట్టుకున్నవేనా? అవునంటే ఇప్పుడే ఇప్పించేస్తాను. కట్టుబట్టలకు సుంకం లేదు."

ఆయన మంచితనంతోనే అడిగాడు. ఒక్క మాటతో చీరలు చేతికొస్తాయి. అండాలు బల్ల మీది పసుపు చీర చూసింది, కిటికీలోని చెవి చూసింది. సర్కారుకు కట్టినవని, సైదమ్మకు కట్టలేదని చెప్పే వీలు లేదు. ఇద్దరూ ఒకే చోట వింటున్నారు.

"కావు సార్," అంది. "కొత్తవి. నా తమ్ముని పెండ్లికి కొన్నవి. సుంకం తప్పిచ్చుకుందామని పైన చుట్టుకున్న. లోపట నా పాతచీర ఉండె. గా పసుపు చీర నా ఒంటికి తాకనే లేదు."

వామనరావు కుర్చీలో వెనక్కి వాలాడు.

"మీ వకీలు చలిజ్వరమన్నారే."

"జ్వరం నాకు రాలేదు సార్. ఎండకు పడ్డ."

"నేరం ఒప్పుకుంటున్నావన్న మాట. చీరలు జప్తవుతాయి, జుర్మానా పడుతుంది. తెలుసా?"

"సుంకం ఎంతుంటే గంత తీసుకోండ్రి సార్, ఎట్లనో కడ్త. జప్తు, జుర్మానా నా ఒక్కదానికే ఎందుకో జర చెప్పండ్రి. గా రోజు నాకా దాటిన ఆడోళ్లు నాకన్న సన్నగ ఏం లేరు. వాళ్ల పేర్లు నేను చెప్ప. దొరగారి పర్దా బండి పేరు చెప్పుడు అక్కర లేదు, అందరికి ఎరుకనే. గది ఎందుకు ఆపలేదో అడగండ్రి."

మెజిస్ట్రేటు కలం కింద పెట్టి పర్వతాలును పిలిచాడు.

"ఆ బండిని తనిఖీ చేశావా?"

"పర్దా బండి సార్."

"పర్దా వెనకాల ఏముంది?"

"పర్దా ఉన్నది గద సార్. ఎట్ల కనవడతది."

"బరువుగా ఉందా?"

"ఎడ్లు నోళ్లు తెరిచినయి సార్."

"మరి మిగతా ఆడవాళ్లు? వాళ్ల మీద నీకు అనుమానం రాలేదా?"

"రోజూ వస్తది సార్. ఆడోళ్ల మీద చెయ్యి ఎట్ల వేస్తం. పడ్డోళ్లయితే..." పర్వతాలు అక్కడ ఆగి, అమీను వైపు చూసి, ఆగినందువల్ల లాభం లేదని గ్రహించి పూర్తి చేశాడు. "నెలకు కొన్ని కేసులు చూపెట్టాలె సార్. ఎవరన్న పడితే మాకు ఆసరైతది."

"అంటే నువ్వు ఎగవేతను పట్టుకోవు. పడిపోవడాన్ని పట్టుకుంటావు."

తన చూపులో లోపం ఉందని అన్నట్టు పర్వతాలుకు తోచింది. అది అతను ఒప్పుకోలేని మాట. "నాకు అన్ని కనవడతయి సార్. గా కిటికిల కూసున్నమ్మ కూడ గా రోజే దాటింది. నాకా వాకిట్ల పట్టక పక్కకు తిరిగి పోయింది. ఇయ్యాల సగమే ఉన్నది."

కచేరీ మొత్తం కిటికీ వైపు తిరిగింది. కొంగు ఇంకాస్త ముందుకు జరిగింది.

"ఏమ్మా, నిజమేనా?" అన్నాడు మెజిస్ట్రేటు.

"నాకు వాపు రోగం సార్," అంది సైదమ్మ, తొణకకుండా.

"ఎప్పుడు తగ్గింది?"

"ఇంటికి పోంగనె తగ్గింది."

పేష్కారు కూడా నవ్వాడు. అండాలు ఒక్కతే నవ్వలేదు. సైదమ్మ జగ్గయ్యపేటలో చీరలు ఎవరి కోసం కొని ఉంటుందో ఆమె లోలోపల వెతుకుతోంది. పెళ్లికూతురి తరఫువాళ్లు కొనేది మొదట పెళ్లికొడుకు అక్కకు పెట్టే ఆడిబిడ్డ చీర. పెళ్లికొడుక్కి అక్క ఒక్కతే. ఆమె మెల్లగా తల తిప్పి కిటికీ వైపు చూసింది. సైదమ్మ ఆ చూపు అందుకోలేక కచేరీ గోడ మీది బల్లిని శ్రద్ధగా చూసింది.

మెజిస్ట్రేటు చాలాసేపు రాశాడు. రాసింది పేష్కారు చదివి తెలుగులో చెప్పాడు. చీరలు కొత్త సరుకే, సుంకం చెల్లించాల్సిందే. కాని ఒకే రోజు ఒకే బాటలో అందరూ చేసిన పనికి, ఎండదెబ్బ తగిలిన ఒక్క మనిషిని శిక్షిస్తే అది ఎగవేతకు పడిన శిక్ష అనిపించుకోదు. కనుక జుర్మానా లేదు, జప్తు లేదు. సుంకం కట్టించుకుని, చీరల అంచున నాకా ముద్ర వేసి ఇచ్చెయ్యాలి. ఇకముందు పర్దా బండ్లను కూడా ఒక ఆడమనిషి చేత చూపించిన తరువాతే వదలాలి.

చివరి మాట విన్నప్పుడు అమీను ముఖంలో చలిజ్వరపు లక్షణాలు కొన్ని కనిపించాయి.

జుర్మానాకని బండిలో తెచ్చిన విత్తనపు గింజలు తూచి అమ్మి చెన్నయ్య ఆ పూటే సుంకం కట్టాడు, నాకా ముద్ర వెంట తెచ్చుకున్న అమీను కచేరీలోనే చీరలకు వేశాడు. అండాలు చీరలు తీసుకుని బయటికి వస్తే సైదమ్మ మెట్ల దగ్గర నిలబడి ఉంది. రెండు చేతులూ నడుము మీద ఉన్నాయి గాని మునుపటి బిగువు లేదు.

"ఏం పిల్లా, పసుపు చీర నీ ఒంటికి తాకలేదంటున్నవు. చెమట తాకలేదా?"

"తాకలేదత్తా. కొత్త మాలు అని సర్కారే చెప్పింది. అంచుకు ముద్ర కూడ పడ్డది, చూడు." అండాలు పసుపు చీర కొంగు చివర విప్పి చూపించింది. రూపాయి బిళ్లంత ఊదారంగు ముద్ర, మధ్యలో ఏవో అక్షరాలు. "మరి నాకు పెట్టే చీరకు ముద్ర ఏది?"

"నేను కూడ పైన చుట్టుకున్న, గంతే. లోపట నా చీర ఉండె."

"ఉండే ఉంటది. ఎవరు చెప్పాలె?"

కట్టి విడిచిన చీర మా పిల్ల కట్టదని కబురు పంపిన మనిషి, కట్టి విడిచిన చీర పెళ్లికొడుకు అక్కకు ఎట్లా పెడుతుంది? పెడితే ఆ మాట పదేళ్లు మిగిలిపోతుంది. సైదమ్మ నడుము మీది చేతులు దించి, "రేపు పొద్దుగాల నాకా కాడికి రా," అంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ నాకా దగ్గర కలిశారు. సైదమ్మ చంకలో ఆడిబిడ్డ చీర మూట ఉంది, ఆ రోజు దాటిన మిగతావి బిందె కిందే ఉండిపోయాయి. పర్వతాలు ఆమెను చూడగానే రెండడుగులు వెనక్కి వేశాడు.

"సుంకం కట్టనీకె వచ్చిన. తీసుకో," అంది సైదమ్మ.

పర్వతాలు లోపలికి పోయి అమీనును పిలుచుకొచ్చాడు. అమీను మూటను చూశాడు, సైదమ్మను చూశాడు, ఇందులో ఏదో కుట్ర ఉందనుకున్నాడు. ఎగవేసినవాళ్లను ఏం చెయ్యాలో అతనికి తెలుసు. ఇంటికి చేరిన సరుకును వెనక్కి తెచ్చి సుంకం కడతానన్నవాళ్లను అతను ఇంతవరకు చూడలేదు.

"గిది ఇప్పటికే ఇవతల ఉన్నది గదమ్మా. అవతల నుంచి వచ్చే మాలుకే సుంకం. ఇవతల నుంచి ఇవతలికి నేనెట్ల తీసుకోవాలె?"

"గంతేనా." సైదమ్మ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంది. మోకాలి లోతు వాగులోకి దిగి, మూటను నెత్తిన పెట్టుకుని అవతలి ఒడ్డుకు పోయింది. అక్కడ ఒక్క క్షణం ఇంగ్లీషు ఇలాకాలో నిలబడి, మళ్లీ దిగి ఇవతలికి వచ్చి బల్ల మీద మూట పెట్టింది. "ఇప్పుడు వచ్చింది గద అవతల నుంచి. కానీ."

అమీను సొరుగు లాగి రసీదు పుస్తకం తీశాడు. సుంకం తీసుకున్నాడు. ముద్ర ఎక్కడ వెయ్యాలో సైదమ్మే వేలితో చూపించింది, కట్టుకుంటే పైకి కనిపించే చోట. మొదటి ముద్ర సరిగా పడలేదని రెండోసారి వేయించింది.

వాళ్లు మెట్లు దిగుతుండగా దొరగారి పర్దా బండి వాగు దిగి వచ్చింది. పర్వతాలు చెయ్యి అలవాటుగా సలాంకు లేచింది. సగంలో మెజిస్ట్రేటు మాట గుర్తొచ్చి ఆ చెయ్యిని ఏం చెయ్యాలో తోచక చెవి గోక్కున్నాడు. "ఆడమనిషి చేత చూపియ్యాలె అన్నరు సాబ్. ఆడమనిషిని ఎక్కడికెళ్లి తేవాలె?"

"నేనేంది మరి?" అంది సైదమ్మ.

"వద్దమ్మా, దొరసాని ఉంటది," అన్నాడు అమీను.

సైదమ్మ వినలేదు. నిన్నటిదాకా ఆమెకు సుంకమంటే సర్కారు గొడవ. ఇప్పుడు తన రొంటిలోని రూపాయలు బల్ల మీద పెట్టి వచ్చాక, ఎవరైనా ఊరికే దాటిపోవడం ఆమెకు తన ఇంట్లో దొంగ పడ్డట్టుంది. నేరుగా బండి దగ్గరికి పోయి, "దండం దొరసానీ," అంటూ పర్దా ఎత్తింది.

లోపల దొరసాని లేదు. అడుగు నుంచి పైదాకా బట్టల తానులు పేర్చి ఉన్నాయి. బండి కదిలితే జారకుండా ఒక తాడు కట్టి ఉంది.

"అండాలూ, జర రా బిడ్డా. గీ దొరసానిని చూడు."

అండాలు వచ్చి చూసింది. పర్వతాలు కూడా వచ్చి చూశాడు. ఇన్నాళ్లు తాను ఎవరికి సలాం చేశాడో అతనికి అర్థమైనట్టుంది, తానులను కొంచెం కోపంగా చూశాడు. బండివాడు మాత్రం నిమ్మళంగా బీడీ ముట్టించుకున్నాడు. "నన్నేం అడగకుండ్రి. నడుపుమన్నరు, నడుపుతున్న."

ఆ బండికి తరువాత ఏమైందో, దొర ఎంత కట్టాడో, అసలు కట్టాడో లేదో అండాలుకు తెలియలేదు. అమీను బండివాణ్ని లోపలికి పిలిచి కూర్చోబెట్టి మాట్లాడాడు. ఎవరినో గుర్రం మీద దొర ఇంటికి పంపాడు. ఆమె చూసినంతవరకు నిజం ఇది: జవాబు వచ్చేదాకా బండి నాకా ముందు పర్దా ఎత్తే ఉంది. ఎత్తిన పర్దాను దించమని సైదమ్మతో చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆ పూట బాటన పోయిన ప్రతి మనిషీ ఆగి, లోపలికి తొంగిచూసి, తీరికగా ముందుకు పోయాడు.

పెళ్లి అనుకున్న ముహూర్తానికే జరిగింది. రజాకార్లు లేరు, సైనికులు ఆ వైపు రాలేదు. భద్రమ్మను పందిరి కింద కుదురుగా కూర్చోబెట్టి, ఎవరికి కళ్లు తిరిగినా నువ్వు మాత్రం లేవొద్దని చెన్నయ్య ఒట్టు వేయించుకున్నాడు. పుష్పమ్మ పసుపు చీర కట్టుకుని పీటల మీద కూర్చుంది. ముద్ర ఉన్న అంచు భుజం మీద పైకి వచ్చేట్టు సైదమ్మే సర్దింది. మేళ్లచెరువు ఆడవాళ్లు వరసగా వచ్చి దాన్ని చూసి, వేలితో తడిమి, కొత్తదేనని ఒప్పుకుని పోయారు. ఒకరిద్దరు తమ కొంగులు ముడుచుకున్నారు కూడా.

తలంబ్రాలయ్యాక ఆడిబిడ్డ చీర పెట్టారు. ఆకుపచ్చది, జరీ అంచు. అండాలు దాన్ని అందుకుని, తొందరపడకుండా ముద్ర చూసుకుంది. అది తాను కొన్న చీరలన్నిటికన్నా మంచిదని పట్టుకోగానే తెలిసింది.

సైదమ్మ పక్కకు వచ్చి కూర్చుని విసనకర్ర అందుకుంది.

"సర్కారుకు న్యాయమెక్కడిది బిడ్డా," అంది దిగులుగా. "నీ ఐదు చీరలకు ఎంత పడ్డదో, నాకు గీ ఒక్కదానికే దగ్గర దగ్గర గంత పడ్డది."

అది ఫిర్యాదు కాదని అండాలుకు తెలుసు. చుట్టూ వింటున్న ఆడవాళ్లకూ తెలుసు. ఒక మాట నాలుక చివరిదాకా వచ్చింది గాని, ఆమె ఆ ఆకుపచ్చ చీరను ఒళ్లో పెట్టుకుని అంచు సర్దుతూ, "ఖరీదు ఎక్కువైతే సుంకం ఎక్కువ పడతదత్తా," అంది. "మా నాకా వాళ్లు గా మాత్రం లెక్క తప్పరు."

సైదమ్మ తృప్తిగా తల ఊపి, విసనకర్రను ఆమె వైపు తిప్పి విసరడం మొదలుపెట్టింది.